తర్కమే గాని ప్రమాణం కాదు: కంప్యూటర్ సిమ్యులేషన్ ఇచ్చే జ్ఞానం

ఇంజినీరింగ్‌లో న్యూమరికల్ మోడలింగ్ అంటే ప్రకృతి నియమాలను సమీకరణాలుగా రాసుకుని, చేతిలెక్కకు లొంగని ఆ సమీకరణాలను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, కంప్యూటర్ చేత అంకెల్లో సాధింపజేయడం. ఆ లెక్కను నడిపి ఒక కట్టడమో, యంత్రమో, ప్రవాహమో ఎలా ప్రవర్తిస్తుందో చూడటం సిమ్యులేషన్. ఇంకా కట్టని వంతెన మీద ఇందులో లారీలు నడుస్తాయి. ఇంకా పోతపోయని టర్బైన్ రెక్క వేడెక్కుతుంది. ఇంకా పుట్టని తుపాను తీరం దాటుతుంది. ఈ లెక్కల్ని నమ్ముకునే కోట్ల రూపాయల పనులు మొదలవుతాయి, జనం ప్రాణాలు వాటి మీద ఆధారపడతాయి. కాబట్టి ఒక పాత ప్రశ్న ఇక్కడ కొత్తగా ఎదురవుతుంది: ఇలా తెలిసింది నిజంగా తెలిసినట్టేనా? భారతీయ దర్శనాల పరిభాషలో అడిగితే, సిమ్యులేషన్ ప్రమాణమా?

ఈ ప్రశ్న దార్శనికులకే పరిమితమైనది కాదు. సాఫ్ట్‌వేర్ నేర్చుకునే ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థీ తెలిసో తెలియకో దీనికి ఏదో ఒక జవాబు ఎంచుకునే పని మొదలుపెడతాడు. తెర మీద ఎర్రటి మచ్చ కనబడగానే "ఇక్కడ విరుగుతుంది" అనేవాడు దాన్ని ప్రత్యక్షంగా తీసుకుంటున్నాడు. "సాఫ్ట్‌వేర్ అలా చెప్పింది" అనేవాడు దాన్ని ఆప్తవాక్యంగా తీసుకుంటున్నాడు. ఈ జవాబుల్లో ఏది నిలుస్తుందో చూడాలంటే ప్రమాణాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

నాలుగు ప్రమాణాలతో పరీక్ష

న్యాయదర్శనం ప్రమాణాలను నాలుగుగా చెప్పింది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం.

ప్రత్యక్షానికి ఇంద్రియానికీ వస్తువుకూ సంబంధం ఉండాలి. సిమ్యులేషన్ చూసేవాడి కంటికి సంబంధం ఏర్పడేది తెరతోనే, దూలంతో కాదు. పైగా ఆ రంగులు దూలంవీ కావు. స్ట్రెస్ ఏ విలువ దగ్గర ఎరుపుగా మారాలో సాఫ్ట్‌వేర్ సొంతంగా నిర్ణయిస్తుంది, లేదా వాడేవాడు నిర్ణయిస్తాడు. రంగుల స్కేలు పై హద్దు పెంచితే, ఒక్క అంకె కూడా మారకుండానే, ఎరుపంతా పచ్చబడుతుంది. సిమ్యులేషన్‌కు ప్రత్యక్షపు వేషం ఉంది, ప్రత్యక్షపు ఆధారం లేదు. నేర్చుకునేవాళ్లను ఎక్కువగా మోసగించేది ఈ వేషమే.

శబ్దప్రమాణానికి ఆప్తుడు కావాలి. విషయాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు ఆప్తుడు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు సాధన పద్ధతి తెలుసు గాని, ఫలానా ఊరి వంతెన గురించి, దాని కింది నేల గురించి ఏమీ తెలియదు. పద్ధతి విషయంలో వాళ్ల మాటను కొంతవరకు ఆప్తవాక్యంగా తీసుకోవచ్చు. ఫలితం విషయంలో తీసుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ వంతెన గురించి వాళ్లు మాట్లాడనే లేదు.

ఉపమానానికి సాదృశ్యం మూలం. హైడ్రాలిక్ ప్రయోగశాలల్లో ఆనకట్ట స్పిల్‌వేకు చిన్న నమూనా కట్టి నీళ్లు వదిలి చూస్తారు. అసలుకూ నమూనాకూ ఫ్రూడ్ సంఖ్య (ప్రవాహపు జడత్వానికీ గురుత్వానికీ ఉన్న నిష్పత్తి) సరిపోయేలా కొలతలు కుదిర్చినప్పుడు ఆ సాదృశ్యానికి భౌతికమైన బలం ఉంటుంది. అక్కడా ఇక్కడా పారేది నీరే. కంప్యూటర్ మెమరీలో నీరు లేదు, సమీకరణాల రూపం మాత్రమే ఉంది. అదీ గాక న్యాయదర్శనం వారైన నైయాయికుల ఉపమానం, వినివున్న పేరుకూ కళ్లెదుట ఉన్న వస్తువుకూ సంబంధం తెలియజేసేంతవరకే పనిచేస్తుంది. లోడు పడితే దూలం ఎంత వంగుతుందో చెప్పే పని దానిది కాదు.

మిగిలింది అనుమానం, అంటే తెలిసినదాన్నిబట్టి తెలియనిదాన్ని తేల్చుకోవడం. సిమ్యులేషన్‌కు ఇది చాలా దగ్గరి చుట్టం. అనుమానానికి ప్రాణం వ్యాప్తి. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం వంటిదే, లాగిన కొద్దీ ఆ మేరకు ఉక్కు సాగుతుందన్న హుక్ నియమం. సిమ్యులేషన్‌లోని సమీకరణాలన్నీ వ్యాప్తులే. అయితే అనుమానానికి వ్యాప్తి ఒక్కటే చాలదు. కొండ మీద పొగ ఉన్నట్టు కంటబడాలి. అంటే హేతువు పక్షంలో నిజంగా ఉన్నట్టు తెలియాలి. సిమ్యులేషన్‌లో అది కనబడదు. వంతెన ఇంకా లేదు, దాని మీద లారీ లేదు. "ఇంత లోడు పడిందనుకుందాం" అని మొదలుపెట్టడమే ఉంది. వ్యాప్తి నిజమైనదే గాని పొగ ఊహించుకున్నది. అలాంటి జ్ఞానాన్ని అనుమితి అనడానికి న్యాయశాస్త్రం ఒప్పుకోదు.

తర్కం స్థానం

ఇలాంటి జ్ఞానానికి న్యాయశాస్త్రంలో వేరే చోటుంది. దాని పేరు తర్కం. న్యాయసూత్రాల కర్త గౌతముడు చెప్పిన పదహారు పదార్థాల్లో తర్కం ఎనిమిదోది, నిర్ణయం తొమ్మిదోది. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టును తెలుగువాడిగా చెబుతారు. న్యాయశాస్త్రంలో అడుగుపెట్టేవాళ్లు నేటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. అందులో ఆయన అయథార్థమైన అనుభవాలను మూడుగా విడదీశాడు: సంశయం, విపర్యయం, తర్కం. ఒకదాన్ని ఆరోపించి, దాన్నిబట్టి తప్పనిసరిగా వచ్చే మరొకదాన్ని ఆరోపించడం తర్కమని ఆయన వివరణ సారాంశం. కొండ మీద నిప్పు లేదనుకుంటే పొగ కూడా ఉండకూడదు కదా అన్న ఆలోచన దానికి ఉదాహరణ.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. మొదటిది, తర్కాన్ని అన్నంభట్టు అయథార్థ జ్ఞానాల పక్కన కూర్చోబెట్టాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకోవడం అందులో జరగదు. లేనిదాన్ని లేదని తెలిసే, కావాలని ఉన్నట్టు అనుకోవడం జరుగుతుంది. ఇలా తెలిసి చేసే ఆరోపాన్ని శాస్త్రకారులు ఆహార్యం అన్నారు. తాడును పామనుకునేవాడికి తన పొరపాటు తెలియదు. తర్కం చేసేవాడికి తాను అనుకుంటున్నానని తెలుసు. రెండోది, తర్కం భ్రమలాంటిదే అయినా దాన్ని విడిగా ఎందుకు చెప్పాలన్న ప్రశ్నకు, అది ప్రమాణానికి సాయపడుతుంది కాబట్టి అని అన్నంభట్టే తన దీపిక వ్యాఖ్యలో సమాధానం ఇచ్చాడు. తర్కం తనంతట తాను ఏదీ నిరూపించదు. ప్రమాణానికి అడ్డొచ్చే సందేహాలను తొలగిస్తుంది.

సిమ్యులేషన్‌కు ఈ స్థానం చక్కగా అమరుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 నుంచి నడుస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం పనితీరు దీనికి మంచి ఉదాహరణ. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత ఏర్పడ్డ ఈ కేంద్రం, సముద్రగర్భంలో ఎక్కడెక్కడ ఎంతెంత భూకంపం రావచ్చో ముందే ఊహించి, ఒక్కోదానికి అల తీరాన్ని ఎప్పుడు, ఎంత ఎత్తున తాకుతుందో లెక్కకట్టి దాచుకుంది. నిజంగా భూకంపం వచ్చినప్పుడు అల లెక్కను మొదటి నుంచి చేసేంత వ్యవధి ఉండదు. దాచిన లెక్కల్లోంచి దగ్గరిదాన్ని తీస్తారు. దాచినవన్నీ "ఇక్కడ ఇంత కంపిస్తే అక్కడ ఇంత అల వస్తుంది" అన్న తర్కాలే. కానీ హెచ్చరిక వాటితోనే పూర్తికాదు. భూకంపాన్ని సీస్మోమీటర్లు పట్టుకోవాలి, సముద్రంలో ఉంచిన పరికరాలు నీటిమట్టం మారిందో లేదో చెప్పాలి. ఆ కొలత ప్రత్యక్షం. తర్కం ముందే సిద్ధంగా ఉండబట్టి ప్రత్యక్షం నుంచి నిర్ణయానికి నిమిషాల్లో చేరుకోవడం వీలవుతుంది.

ఒక తేడాను మాత్రం దాచకూడదు. నైయాయికుల తర్కం ఎక్కువగా ఎదుటిపక్షాన్ని ఇరుకున పెట్టేది. అనుకున్నది అనిష్టానికి దారితీస్తే ఆ అనుకోలు వీగిపోతుంది. సిమ్యులేషన్ అంతకంటే ఎక్కువే చేస్తుంది, ఫలితంగా ఒక కొలతనే ఇస్తుంది. అయినా డిజైన్ ఆఫీసులో దాని ముఖ్యమైన వాడకం ఆ పాత పద్ధతినే పోలి ఉంటుంది. ఈ మందం చాలుననుకుంటే స్ట్రెస్ హద్దు దాటుతోంది, కాబట్టి ఈ మందం చాలదు. డిజైన్లను కొట్టివేయడంలో సిమ్యులేషన్‌కు ఉన్న బలం, ఒక డిజైన్ సురక్షితమని తేల్చడంలో లేదు.

ఆరోపాల దొంతర

సిమ్యులేషన్ తర్కమైతే, దాన్ని నేర్చుకోవడమంటే అందులో ఏమేమి ఆరోపించారో గుర్తుపట్టడం నేర్చుకోవడమే. ఆ ఆరోపాలు ఒకదాని మీద ఒకటి నాలుగు వరుసలుగా ఉంటాయి.

మొదటి వరుస ప్రకృతి నుంచి సమీకరణానికి వచ్చేటప్పుడు పడుతుంది. కాంక్రీటు ఎక్కడ చూసినా ఒకేలా ఉందనుకుంటారు. వంగుదల చాలా తక్కువనుకుంటారు. పునాది కదలదనుకుంటారు. ఇవేవీ పూర్తి నిజాలు కావని అందరికీ తెలుసు, అయినా పని నడవాలి కాబట్టి అనుకుంటారు.

రెండో వరుస సమీకరణాన్ని ముక్కలు చేసేటప్పుడు పడుతుంది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో వస్తువును మెష్‌గా విడగొట్టి, ఒక్కో ఎలిమెంట్ లోపల కదలిక ఒక సాదా సూత్రం ప్రకారమే సాగుతుందనుకుంటారు. ఈ ఆరోపం ఎంత దూరం తీసుకుపోగలదో కళాశాలలో మొదట నేర్పే కాంటిలివర్ దూలంలోనే కనబడుతుంది. ఒక మీటరు పొడవు, 20 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. ఎత్తు ఉన్న ఉక్కు దూలాన్ని ఒక కొసన గోడలో బిగించి, రెండో కొసన 1,000 న్యూటన్ల లోడు పెట్టారనుకుందాం. ఉక్కు సాగుదల గుణకాన్ని 200 గిగాపాస్కల్‌గా తీసుకుంటే, పాఠ్యపుస్తక సూత్రం ప్రకారం కొస 15.6 మి.మీ. కిందికి దిగాలి. దీన్నే నాలుగు మూలల సాదా ఎలిమెంట్లతో, ఎత్తులో ఒకే వరుసగా, పొడవునా పది ముక్కలు చేసి లెక్కిస్తే వంగుదల దాదాపు 4.5 మి.మీ. మాత్రమే వస్తుంది. ఇరవై ముక్కలు చేస్తే 9 దాటుతుంది, నలభై చేస్తే పన్నెండున్నరకు చేరుతుంది. ఎత్తులో ఒకే వరుస ఉన్నంతకాలం పొడవున ఎన్ని ముక్కలు చేసినా 15.6 రానే రాదు. అంచులు వంపు తిరగలేని ఆ ఎలిమెంట్, దూలం వంగవలసిన చోట లేని షియర్‌ను పుట్టించి బిగుసుకుపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదు, కూడికలు తీసివేతలు అన్నీ సరైనవే. ఇచ్చిన ఆరోపానికి సరిగ్గా సరిపోయే జవాబే వచ్చింది. నాలుగున్నర చూపే బొమ్మా పదిహేనున్నర చూపే బొమ్మా ఒకే నునుపైన రంగుల్లో కనబడతాయి. చేతిలెక్క తెలియనివాడికి వాటిలో ఏది నమ్మదగిందో చెప్పే గుర్తు తెర మీద ఏదీ ఉండదు.

కాలంతో మారే సమస్యల్లో ఇదే వరుసలో మరో ఆరోపం ఉంటుంది. కాలాన్ని ఎంత పెద్ద అడుగులుగా విడగొట్టవచ్చన్నది అది. చాలా పద్ధతుల్లో ఆ అడుగు, సమాచారం మెష్‌లో ఒక గడి దాటే సమయాన్ని మించితే లెక్క కట్టు తప్పుతుందని కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ 1928లోనే చూపించారు.

మూడో వరుస కంప్యూటర్ అంకెలది. దశాంశంలో తేలికగా కనిపించే 0.1, కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానంలో రాస్తే అంతులేకుండా సాగుతుంది. ఎక్కడో ఒకచోట కత్తిరించాల్సిందే. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్ దగ్గర పేట్రియట్ క్షిపణి వ్యవస్థ ఎదురుగా వస్తున్న క్షిపణిని అడ్డుకోలేకపోవడంతో 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. కాలాన్ని పదో వంతు సెకన్లలో లెక్కపెట్టే ఆ వ్యవస్థ 0.1ని 24 బిట్లకు కత్తిరించి వాడింది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ చిన్న తేడా సెకనులో మూడో వంతుకు పెరిగింది. అంత వ్యవధిలో క్షిపణి అర కిలోమీటరుకు పైగా ముందుకు వచ్చేస్తుంది.

నాలుగో వరుస వాడేవాడు ఇచ్చే తొలి విలువలది. ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ వాతావరణాన్ని లెక్కకట్టి చెప్పవచ్చని తొలిసారి ప్రయత్నించి, 1922లో పుస్తకంగా వెలువరించాడు. క్వేకరు మతస్థుడైన ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టక, ఫ్రాన్సులో అంబులెన్సు దళంలో పనిచేస్తూ ఈ లెక్కలు చేశాడు. 1910 మే 20 నాటి కొలతలతో మొదలుపెట్టి, ఆరు గంటల్లో జర్మనీలో ఒకచోట గాలి ఒత్తిడి 145 హెక్టోపాస్కల్ మారుతుందని తేల్చాడు. నిజానికి ఆ రోజు ఒత్తిడి దాదాపు మారలేదు. ఆయన సమీకరణాల్లో పెద్ద దోషం లేదు. తొలి కొలతల్లో గాలికీ ఒత్తిడికీ పొంతన లేకపోవడమే కారణమని తర్వాతి పరిశోధకులు గుర్తించారు. ఆ విలువలను సర్దితే అదే పద్ధతి నమ్మదగిన జవాబు ఇచ్చింది.

స్లీప్నర్ పాఠం

ఆరోపాన్ని ఆరోపమని మరిచిపోతే ఏమవుతుందో నార్వే తీరంలో తేలింది. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున నిలపడానికి స్లీప్నర్-ఏ అనే కాంక్రీటు చమురు వేదికను కట్టారు. దాని అడుగుభాగంలో 24 పెద్ద బోలు గదులు. గుండ్రటి గదులు మూడేసి కలిసేచోట ముక్కోణపు ఖాళీలు మిగులుతాయి; వాటి పైభాగం తెరిచి ఉండటంతో సముద్రపు నీరు లోపలికి చేరి గోడలను ఒత్తుతుంది. వేదికను నీటిలోకి దించేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది.

1991 ఆగస్టు 23న స్టావంగర్ దగ్గరి గాండ్స్‌ఫియోర్డ్‌లో అడుగుభాగాన్ని దించి పరీక్షిస్తుండగా, సుమారు 65 మీటర్ల లోతు దగ్గర ఒక గోడ పగిలింది. నీరు లోపలికి తోసుకొచ్చింది. కొన్ని నిమిషాల్లో కట్టడమంతా మునిగి, అడుగుకు కొట్టుకుని ముక్కలైంది. ఆ తాకిడి రిక్టర్ స్కేలు మీద 3 తీవ్రతగా నమోదైంది. ప్రాణనష్టం జరగలేదు గాని, దాదాపు 70 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లింది.

విచారణలో తేలిన కారణాలు రెండు. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో ఆ ముక్కోణపు మూలల దగ్గర మెష్ సరిగా అమరక, గోడ మీద పడే షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చింది. దాన్ని నమ్మి గోడలను పలచగా పెట్టారు. దానికి తోడు ఉక్కు ఊచలను కావలసినంత పొడవున కాంక్రీటులో పాతుకునేలా పెట్టలేదు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మెష్ వేసి మళ్లీ లెక్కిస్తే, గోడ 62 మీటర్ల దగ్గర పగులుతుందని జవాబు వచ్చింది. పగిలింది 65 దగ్గర.

ఈ చివరి అంకెను బట్టి పద్ధతిని నిందించడానికి వీల్లేదు. అదే పద్ధతి, అవే సమీకరణాలు. మెష్ మారేసరికి మూడు మీటర్ల తేడాలో నిజం చెప్పింది. ఇలా చాటున ఉండే షరతును న్యాయశాస్త్రం ఉపాధి అంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనుకోవడం తప్పు. తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఆ తడి కట్టె ఉపాధి. సాఫ్ట్‌వేర్ ఫలితం ఉన్నచోట నిజం ఉంటుందన్న వ్యాప్తికి కూడా ఒక ఉపాధి ఉంది: స్ట్రెస్ ఎక్కడ వేగంగా మారుతుందో అక్కడ మెష్ సన్నగా ఉండాలి. స్లీప్నర్ లెక్క చూసినవాళ్లు ఉపాధిని చూడకుండా వ్యాప్తిని పట్టుకున్నారు.

త్రాసును తూచే త్రాసు

అయితే మంచి మెష్ వేశామని, సరైన సమీకరణం ఎంచుకున్నామని ఎలా తెలుస్తుంది? దీనికి మరో లెక్క చేస్తే, ఆ లెక్క సరైనదని ఎలా తెలుస్తుంది? ఆంధ్రదేశంతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో వేసిన ప్రశ్న ఇదే. వస్తువులను ప్రమాణాలు నిరూపిస్తే, ప్రమాణాలను నిరూపించేదేమిటి? మరో ప్రమాణమైతే దానికి అంతుండదు. ఏదీ అక్కర్లేదంటే మొదటి మాటకే విరోధం.

నైయాయికులు దీనికి త్రాసును ఉదాహరణగా చూపారు. త్రాసు బంగారాన్ని తూస్తుంది. అవసరమైతే బరువు తెలిసిన బంగారంతో ఆ త్రాసునే పరీక్షించవచ్చు. ఒకేసారి రెండూ చేయనవసరం లేదు. సిమ్యులేషన్ నేర్పే చోట్ల ఇదే క్రమం పాటిస్తారు. జవాబు ముందే తెలిసిన సమస్యలను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి చూడటం, మెష్‌ను క్రమంగా సన్నబరచి జవాబు ఒకచోట కుదురుకుంటోందో లేదో చూడటం దీని కిందికి వస్తాయి. ఈ పరీక్షలు సమీకరణాలను సరిగ్గా సాధించామా అన్న ప్రశ్నకు జవాబిస్తాయి. ఎంచుకున్న సమీకరణాలు ప్రకృతికి సరిపోయేవేనా అన్నది వేరే ప్రశ్న. దానికి ప్రయోగశాల కొలతలతో పోల్చి చూడాలి. విద్యార్థులు చాలాసార్లు మొదటిదాంతో ఆగి, రెండోది కూడా పూర్తయిందనుకుంటారు. రెండోది పూర్తిగా తీరేది కాదన్న వాదం కూడా బలమైనదే. నేల, నీరు, వాతావరణం వంటి వ్యవస్థలు నాలుగు గోడల మధ్య మూసి ఉంచగలిగేవి కావు కాబట్టి, వాటి మోడళ్లను నిజమని నిరూపించడం అసాధ్యమనీ, కొలతలతో కుదిరితే కొంత బలం చేకూరినట్టు మాత్రమేననీ నయోమీ ఒరెస్కెస్, మరి ఇద్దరు 1994లో సైన్స్ పత్రికలో వాదించారు.

జ్ఞానం నిజమని ఎలా తెలుస్తుందన్న విషయంలో మీమాంసకులూ నైయాయికులూ చాలాకాలం తలపడ్డారు. మీమాంసకుడైన కుమారిలుడి పక్షంలో జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణం. దాన్ని కాదనే బాధకం ఏదైనా ఎదురైతేనే వదలాలి. నైయాయికుల పక్షంలో ప్రామాణ్యం బయటి నుంచి తేలాలి; నీళ్లనుకుని వెళ్లినవాడి దాహం తీరితే అవి నీళ్లే. కన్నుకూ చెవికీ మీమాంసకుల దృష్టి సరిపోవచ్చు. ప్రతి చూపునూ అనుమానిస్తే బతుకు సాగదు. కానీ సిమ్యులేషన్‌ను పుట్టుకతోనే ప్రమాణమనుకుని, బాధకం ఎదురయ్యేదాకా ఆగుదామంటే ఆ బాధకం స్లీప్నర్ రూపంలో వస్తుంది. కట్టి చూస్తే తప్ప తేలదన్న నైయాయికుల మాట కూడా ఒకసారే కట్టే కట్టడం దగ్గర పనికిరాదనిపిస్తుంది.

ఈ చిక్కుకు వాచస్పతి మిశ్రుడు వంటి నైయాయికులు ఒక దారి చూపారు. ఇదివరకు పనిచేసి చూపిన జ్ఞానాల జాతికే ఈ జ్ఞానం చెందితే, ఫలితం కోసం ఆగకుండానే దీన్ని నమ్మవచ్చు. ఇంజినీర్లు "మోడల్‌ను పరీక్షించిన పరిధి" అని పిలిచేది ఈ జాతినే. పరిధి లోపల ఉన్నంతవరకు మోడల్ పరిచయమైన దారిలో నడుస్తుంది. దాటిన క్షణం నుంచి దాని మాటకు పాత అనుభవపు పూచీ ఉండదు.

2003లో కొలంబియా వ్యోమనౌక విషయంలో ఈ సూత్రం ఎంత కీలకమో బయటపడింది. జనవరి 16న నౌక పైకి లేచిన 82వ సెకనులో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కను తాకింది. దెబ్బ ఎంత లోతుగా తగిలి ఉంటుందో అంచనా వేయడానికి ఇంజినీర్లు క్రేటర్ అనే గణిత నమూనాను వాడారు. అది చాలా చిన్న ఫోమ్ ముక్కలతో చేసిన ప్రయోగాల మీద తయారైంది. ఈసారి తగిలింది వాటికి వందల రెట్లు పెద్దది. రెక్కను కప్పే పెంకు మందాన్ని మించి దెబ్బ లోతుగా దిగి ఉంటుందని క్రేటర్ చెప్పింది. ఈ నమూనా ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతుందన్న పాత అనుభవంతో ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకున్నారు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక గగనతలంలోనే విచ్ఛిన్నమై కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఇక్కడ తప్పు రెండు అంచెల్లో ఉంది. పరిధి దాటినచోట నమూనాను వాడటం మొదటిది. పరిధి లోపలి అనుభవాన్ని పట్టుకుని, పరిధి బయట వచ్చిన జవాబును సర్దుబాటు చేయడం రెండోది. జాతి మారినప్పుడు "ఇది ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది" అన్న వ్యాప్తి కూడా దాంతోపాటే రద్దవుతుంది.

కొత్తది తెలుస్తుందా?

సిమ్యులేషన్‌లో మనం పెట్టినదే మనకు తిరిగి వస్తుందని, అందువల్ల అది కొత్త జ్ఞానం ఇవ్వలేదని ఒక ఆక్షేపణ ఉంది. దీనికి 1950లలో లాస్ అలమోస్‌లో జరిగిన ఒక లెక్క సమాధానం చెబుతుంది. ఎన్రికో ఫెర్మీ, జాన్ పాస్తా, స్టానిస్లా ఉలమ్, ప్రోగ్రామ్ రాసిన మేరీ సింగూ కలిసి, స్ప్రింగులతో కలిపిన బరువుల వరుసను మానియాక్ కంప్యూటర్‌లో కదిలించి చూశారు. స్ప్రింగుల బలంలో కొద్దిపాటి వక్రత ఉంచారు. మొదట ఒకే రకం ఊపులో ఉంచిన శక్తి క్రమంగా అన్ని రకాల ఊపుల్లోకీ సమంగా పరుచుకుంటుందని వాళ్లు ఊహించారు. అలా జరగలేదు. శక్తి కొన్ని ఊపుల్లోనే తిరిగి, కొంతకాలానికి దాదాపు మొత్తంగా మొదటి ఊపులోకే వచ్చేసింది. 1955 నాటి ఆ నివేదిక తర్వాత కాలంలో సాలిటాన్ల (రూపు చెదరకుండా సాగే ఒంటరి అలల) పరిశోధనకు దారి తీసింది.

జవాబు సమీకరణాల్లోనే దాగి ఉందన్న మాట నిజమే. కానీ దాగి ఉండటం, తెలియడం రెండూ ఒకటి కావు. వ్యాప్తులన్నీ తెలిసినవాడికి కూడా వాటి కలయిక ఎక్కడికి దారితీస్తుందో తెలియకపోవచ్చు. ఇక్కడ తర్కం కొత్త ప్రశ్నను లేపింది. దానికి సమాధానం గణితం నుంచి, ప్రయోగాల నుంచి తర్వాత వచ్చింది.

అదే సిమ్యులేషన్ తన హద్దును కూడా తానే చూపగలదు. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ నమూనాను మధ్యలోంచి మళ్లీ నడపడానికి 0.506127 బదులు 0.506 అని ఇచ్చాడు. కొంతసేపు రెండు లెక్కలూ కలిసి నడిచి, తర్వాత పూర్తిగా విడిపోయాయి. కొన్ని వ్యవస్థల్లో తొలి ఆరోపంలోని అతి చిన్న తేడా చివరి జవాబును తారుమారు చేస్తుందని దీనివల్ల తేలింది. అలాంటిచోట ఒక్క సిమ్యులేషన్ ఇచ్చే జవాబుకు అర్థం లేదు. నేటి వాతావరణ కేంద్రాలు తొలి విలువలను కొద్దికొద్దిగా మార్చి అనేక లెక్కలు నడిపి, అవన్నీ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి అంచనా చెప్పడం దీని పర్యవసానమే.

ప్రమాత ఎవరు?

ప్రమాణం ఉన్నచోట ప్రమాత ఉండాలి, అంటే తెలుసుకునేవాడు. ఇప్పటి సిమ్యులేషన్లలో కోట్ల సంఖ్యలో ఉండే అంచెలను ఏ మనిషీ స్వయంగా వెంట నడిచి చూడలేడు. తత్వవేత్త పాల్ హంఫ్రీస్ 2004లో వెలువడిన తన పుస్తకంలో ఈ అపారదర్శకతను కంప్యూటర్ సిమ్యులేషన్ తెచ్చిన కొత్త తాత్విక సమస్యగా చూపాడు. పాత గణిత నిరూపణలో చదివేవాడు ప్రతి మెట్టునూ తన బుద్ధితో ఎక్కగలడు. ఇక్కడ మొదటి మెట్టు, చివరి మెట్టు మాత్రమే మనిషికి కనబడతాయి.

అలాగని తెలుసుకునేది యంత్రం అనడానికి లేదు. యంత్రానికి తాను ఆరోపిస్తున్నానన్న ఎరుక లేదు. 4.5 మి.మీ. అన్న జవాబు 15.6 అన్న జవాబు కంటే తక్కువ నమ్మదగినదని దానికి అనిపించదు. ఆహార్యం, అంటే తెలిసి చేసే ఆరోపం, తెలివి ఉన్నవాడికే సాధ్యం. మనిషి ఆ ఎరుకను వదులుకున్న మరుక్షణం అదే లెక్క తర్కం స్థాయి నుంచి విపర్యయం స్థాయికి, అంటే భ్రమకు దిగిపోతుంది. లెక్కలో ఒక్క అంకె మారకుండానే ఈ పతనం జరుగుతుంది.

దీనివల్ల నేర్చుకునే క్రమం కూడా తేలుతుంది. సాఫ్ట్‌వేర్ బటన్ల కంటే ముందు బలాలు, పదార్థాల గుణాలు చేతిలెక్కతో వంటబట్టాలి. జవాబు ఏ దరిదాపుల్లో ఉండాలో ముందే చెప్పగలగాలి. తర్వాత న్యూమరికల్ పద్ధతుల గణితం, దాని వెంట జవాబు తెలిసిన చిన్న సమస్యల మీద సొంతంగా రాసిన ప్రోగ్రాము. ఆ తర్వాతే పెద్ద సాఫ్ట్‌వేర్. ప్రతి నివేదికలో ఫలితం పక్కనే ఏమేమి అనుకున్నారో, ఏ పరిధిలో పరీక్షించారో రాసే అలవాటు మొదటి నుంచే ఉండాలి. ఇవి పని సౌలభ్యం కోసం పెట్టుకున్న నియమాలుగా కనబడతాయి గాని, తర్కాన్ని తర్కంగా నిలబెట్టేవి ఇవే.

గౌతముడి జాబితాలో తర్కం తర్వాతి మెట్టు నిర్ణయం. సిమ్యులేషన్ ఎంత పెరిగినా ఈ రెండు మెట్ల మధ్య దూరం చెరిగిపోదు. సిమ్యులేషన్ సాధ్యాసాధ్యాలను విడదీస్తుంది, సందేహాలను తగ్గిస్తుంది, ఎక్కడ కొలవాలో ఎక్కడ ప్రయోగం చేయాలో చూపిస్తుంది. కొలత, ప్రయోగం, పూర్వానుభవం కలిసి దానికి బలమిచ్చినప్పుడు, ఆ మొత్తాన్ని తూచి నిర్ణయించేది ఇంజినీరు. ఆ నిర్ణయపు బాధ్యతను తర్కం మీదికి నెట్టడానికి శాస్త్రంలో చోటు లేదు.